సీసపు ఆవు

సోమవారం, ఇంకా తెల్లవారకముందే
ఇసుకదిబ్బల అవతలి రియాక్టర్ నుంచి వ్యాను వస్తుంది.
బకెట్టంత డబ్బా, ఒళ్లంతా సీసం,
ఎత్తితే నడుం కలుక్కుమంటుంది.
మేం దాన్ని ఆవు అంటాం.
ఎవరు పెట్టారో ఆ పేరు, నేను చేరేటప్పటికే ఉంది.
ఒక పక్క ఉప్పునీళ్ల సీసా,
ఇంకో పక్క గాలి తీసేసిన సీసా గుచ్చితే
చుక్కచుక్కగా చేపుతుంది.
రంగు లేదు, వాసన లేదు,
నురగ అసలే లేదు.

ఈ మాట నోరుజారి ట్రింట్యె గారితో అన్నాను.
డెబ్భై మూడేళ్ల మనిషి. లేవార్డెన్‌కి ఉత్తరాన,
సముద్రపు గట్టు వెనక ఇల్లు.
రొమ్ము తీసేసి ఆరేళ్లు, ఇప్పుడు వెన్ను నొప్పి.
నలభై ఆవుల కొట్టం నిరుడే ఖాళీ చేసిందట.
నేను నరం కోసం వెతుకుతుంటే
ఆమె నన్ను ప్రశ్నలు వేసింది:
రోజుకి ఎన్నిసార్లు పితుకుతారు?
ఒకసారి. పని ఎక్కువుంటే రెండు.
వట్టిపోతుందా?
రెండు వారాల్లో.
అప్పుడు?
తిరిగి పంపేస్తాం.
తెలిసిన సంగతే అన్నట్టు తలూపింది.
ఆ తలూపులోనే సూది దిగిపోయింది.

మూడు గంటలు ఆగాలి.
మందు ఎముకల్ని వెతుక్కుంటూ పోవాలి.
ఆరు గ్లాసుల నీళ్లు తాగమన్నాను, ఏడు తాగింది.
కిటికీ పక్కన కూర్చుని
లవంగాల చీజ్ పెట్టిన నల్ల రొట్టె
కాగితంలోంచి తీసి, నాకూ ఒక ముక్క చాచింది.
ఇక్కడ తినకూడదు నేను. తిన్నాను.

తర్వాత కెమెరా.
పలక ఆమె ముక్కుకి నాలుగు వేళ్ల ఎత్తున ఆగింది.
వాన మొదలైనప్పుడు ఇటుకల బాట మీద పడ్డట్టు
తెర మీద ఒక చుక్క, ఎక్కడో ఇంకో చుక్క,
ఆనక జల్లు.
పుర్రె వచ్చింది. భుజాలు వచ్చాయి.
ఎముక ఎక్కడ తనను తాను కట్టుకుంటోందో,
మేస్త్రీలు ఎక్కడ పనిలో ఉన్నారో
అక్కడ చిక్కగా నలుపు.
కూలుతున్నందుకు కడుతున్నారా,
అతుక్కుంటున్నందుకా
ఈ మందుకి తెలీదు.

రెండు బొటనవేళ్ల మొదళ్లూ నల్లగా వెలిగాయి.
యంత్రాలు రాకముందు పదిహేనేళ్లు చేత్తోనే, అంది
నేను అడక్కుండానే, కళ్లు మూసుకుని.
ఎడమ పక్కటెముకల మీద వరసగా మూడు చుక్కలు.
ఈ మధ్య ఎక్కడైనా పడ్డారా?
జనవరిలో, మంచు మీద. కొడుక్కి చెప్పకు.
నాలుగో నడుం పూస దగ్గర ఇంకొకటి ఉంది.
దాని గురించి నేనేమీ అడగలేదు.

చదవడం డాక్టరు పని.
నా పని ఆమెను కదలకుండా పడుకోబెట్టడం,
నా మొహాన్ని కదలకుండా ఉంచుకోవడం.
రెండోది అంత బాగా చేయలేదనుకుంటాను.
లేచి బొత్తాలు పెట్టుకుంటూ
నా వైపు ఒక్కసారి చూసి, మళ్లీ బొత్తాల్లోకి చూసుకుంది.

ఈ రోజంతా పసిపిల్లల్ని ఒళ్లో పెట్టుకోకండి, అన్నాను.
ఆరు గంటలకి సగం తగ్గుతుంది,
ఇంకో ఆరింటికి సగంలో సగం.
అంటే ఎప్పటికీ అయిపోదన్నమాట.
లెక్క ప్రకారం అయిపోదు.
రేపు పొద్దుటికి మాత్రం ఎత్తుకోవచ్చు.

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.
చూడు ఫైకే, నీ చేతులు మంచుగడ్డలు.
చల్లటి చేత్తో ముట్టుకుంటే ఏ ఆవైనా
పాలు ఎగచేపుతుంది.

మర్నాడు ఆరింటికి, రేడియో ఇంకా పెట్టకముందు,
సీసపు డబ్బా ముందు నిలబడి
గ్లవుజులు తొడుక్కునే ముందు
అరచేతులు రెండూ వేడెక్కేదాకా రుద్దుకున్నాను.
ఎవరూ చూడలేదు.
నిన్నటికంటే కొంచెం తక్కువే ఇచ్చింది.