రేపు మార్చుకోండి

సఖినేటిపల్లి రేవుకి ఇవతల,
పంటు దిగిన బళ్లు మొదటి గేరులో మూలిగే మలుపు దగ్గర
రేకుల షెడ్డు నాది.
కింద గోనెపట్టా, పైన బండి పొట్ట.
నాకు కనపడే ఆకాశం ఎప్పుడూ ఇంతే:
గ్రీజూ, బురదా, ఎండి అట్టకట్టిన రొయ్యమేత.

ఇవాళొచ్చింది ఓ పాత ఫోర్ వీల్ పికప్పు.
కొల్లాటి సత్యవేణి తానే తోలుకొచ్చింది.
"కాలు తీస్తే చాలండీ,
కడుపులో ఎవరో తలుపు కొడతన్నట్టుంటంది."
చెరువుగట్టు మీద ఫోర్ వీల్ వేస్తే
గేరురాడ్డు వణికి వణికి
దానంతటదే బయటికొచ్చేస్తందట.

ఆ తలుపు చప్పుడు నాకు తెలుసు.
ఇంజను కాదు, గేరుబాక్సూ కాదు,
గేరుబాక్సుని మోసే అడ్డకమ్మీ.
ఛాసిస్ రెండు పట్టాల మధ్య బోర్లా పడుకుని
అంత బరువూ నడుం మీద పెట్టుకుని
ఎవరి నోటా పేరు పలికించుకోనిది.
క్రాస్ మెంబరంటే
పంచాయితీ మెంబరా అనడిగాడొకాయన ఓసారి.

ఉప్పుగాలి, రొయ్యల చెరువు నీళ్లు.
ఇక్కడ ఇనుము వయసు ఏళ్లలో చెప్పరు, పొరల్లో చెబుతారు.
గోటితో గీస్తే
పూతరేకులా లేచింది తుప్పు.

మొదటి బోల్టు తల మీద అంకెలింకా ఉన్నాయి.
కంపెనీలో పుట్టింది, మర్యాదగా వచ్చేసింది.
రెండోది డీజిలు తాగి గంటన్నర ఆలోచించుకుంది.
మూడోదాని చోట అసలు బోల్టే లేదు,
కన్నం నిండా కందిరీగ కట్టిన మట్టిగూడు.
పొడవబోయి కాసేపు ఆగాను, ఎందుకో.

నాలుగోది.
పొడుగెక్కువ, నలుచదరం తల.
నాటుపడవ ఇంజను ఫౌండేషన్ బోల్టు.
వాసరుండాల్సిన చోట
గుండ్రంగా కోసిన హవాయి చెప్పు ముక్క, ఇంకా నీలంగా.
ఎవడ్రా ఈ పని చేసిందీ అని తిట్టుకుంటూ
టార్చి దగ్గరికి పట్టాను.

చేసింది నేనే.

పద్నాలుగేళ్ల కిందట, వరదలో.
లంకలోంచి బర్రెల్ని, గ్యాసుబండల్ని, ఒక నిండు చూలాల్ని
ఏటిగట్టు మీదికి చేరేస్తున్న బండి.
అప్పుడిది సత్యవేణి మేనమామ ధర్మయ్యది.
మోకాలి లోతు నీళ్లలో, వానలో,
పక్కన కట్టేసిన పడవలోంచి ఊడబీకి వేశాను.
చెప్పు ఆయనదే.
ఆ రోజంతా ఒంటికాలి చెప్పుతోనే తిరిగాడు.
"ఇది ఈ పూటకేనండీ, రేపు మార్చుకోండి" అంటే
"ఆయ్" అన్నాడు.

ఆ పూటని ఆయన నాలుగేళ్లు తోలాడు.
ఆయన పోయాక ఈవిడ పదేళ్లు.

మా గురువు మీరావలి చెప్పేవాడు:
అన్ని బోల్టులూ వేళ్లతో పట్టించాకే
ఏ ఒక్కదాన్నయినా బిగించు.
ముందే ఒకదాన్ని బిగిస్తే
మిగతావాటికి కన్నాలు కలవవు.
సంసారాలూ అంతేనోయ్ అనేవాడు.
ఆయనకి పెళ్లి కాలేదు.

పాలకొల్లు షాపులో కొత్తవి మూడే దొరికాయి.
నాలుగోది రాజమండ్రి నించి రావాలి, లక్ష్మివారానికి.
"రాత్రికే పట్టుబడండీ" అంది సత్యవేణి,
"ఐసు దిగిపోయింది, వల లాగేవోళ్లకి బయానా ఇచ్చేశాను."
ఇద్దరం పళ్లెంలో ఉన్న పడవబోల్టు కేసి చూశాం.
కిరసనాయిల్లో కడిగితే
మరలు ఇంకా వేలికి గుచ్చుకుంటున్నాయి.

మూడూ వేళ్లతో పట్టించాను.
దాన్నీ పట్టించాను. కన్నం కలిసింది.
ఈసారి సరైన వాసరు వేసి
ఆ నీలం ముక్క ఆవిడ చేతిలో పెట్టి
"ఇది మీ మావయ్యదమ్మా" అన్నాను.
తిప్పి చూసింది, వాసన చూసింది,
పర్సులో నోట్ల పక్కన పెట్టుకుంది.

బండి తీసింది. క్లచ్చి మీంచి కాలెత్తింది.
తలుపు ఎవరూ కొట్టలేదు.
"లక్ష్మివారం మర్చిపోకండి, మార్చేద్దాం" అని అరిచాను.
"ఆయ్" అంది,
అచ్చం ఆయన గొంతు.