మునికాంతమ్మ పాలన, నాకు గుర్తున్నంత

పాలనంటే ఏమో నాకు తెలీదు.
తెల్లారి నాలుగున్నరకు వాల్వు తిప్పేది తెలుసు.
మిట్టవీధికి ఎడమ పక్కకు పదకొండు చుట్లు,
కుమ్మరోళ్ల సందుకు ఏడు.
ఈ లెక్క నన్నడిగి రాసుకున్న ప్రెసిడెంటు
రేగిమిట్టలో ఒక్కతే.

పూలు కట్టే మనిషి.
సీటు ఆడోళ్లకని తేలినప్పుడు
పెద్దోళ్లు ఆమె గడప కాడికి పోయి
"సంతకం నీది, సంగతి మాది" అన్నారంట.
తలూపింది.
మూడు నెల్లు సంతకాలే పెట్టింది.
నాలుగో నెల ఒక చెక్కు ముందర పెన్ను ఆపి
"ఈ బోరు యాడుండాదో చూపీండి" అనింది.

జీపెక్కి పోయినాం.
శెనక్కాయ చేను. రెండు ఎనుములు.
బోరు లేదు.
ఎనుముల్ని చూసి నవ్విందే గానీ
తిరిగొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలా.
ఆ పొద్దు నుంచి ఆమెకు పగోళ్లు,
నాకు మాత్రం ఏ నెల జీతం ఆ నెలే.

ఇంతలో తిరుపతి మా పక్కకు నడిచొచ్చింది.
ముందర ఇటిక బట్టీలు, వెనకాల లాడ్జీలు,
ఆ వెనకాల మడికయ్యల్లో తెల్లరాళ్లు,
రాళ్ల మీద ఎర్రరంగు నంబర్లు.
పంచాయితీ బోర్డు దించి మున్సిపాలిటీ బోర్డెత్తినారు.
ప్రెసిడెంటమ్మ చైర్‌పర్సనమ్మయింది.
కొత్త కుర్చీ ఎత్తు, కాళ్లు నేలకానవు.
బట్టీ నుంచి రెండు ఇటికలు తెప్పించి
కాళ్ల కింద పెట్టుకుని కూర్చుంది.
ఆ ఇటికలకు రసీదుండాది, నేనే తెచ్చినా.

అన్నీ మంచే చేసిందని చెప్పను.
టౌనంతా ఊడ్చిన కసువు
స్వర్ణముఖి ఒడ్డున పోయించింది.
ఆడ యానాదోళ్ల గుడిసెలు పద్నాలుగు.
పోలమ్మ గంపడు చెత్త మోసుకొచ్చి
ఆఫీసు మెట్ల మీద కుమ్మరించి
"మీది మీకే తెచ్చినాం తల్లీ" అనింది.
కాంతమ్మ దిగొచ్చి, చీపురు పట్టి, తానే ఎత్తింది.
ఏటి కాడ కుప్పను మాత్రం కదిలించలా.
జాగా లేదనింది.
లేఅవుట్లకు జాగా ఉండింది.
ఆ మాట ఆ పొద్దు నేననలా.
చెప్పులు చేతబట్టుకోని గోడ కానుకోని నిలబడినా.

పదహారేండ్ల మీద ఒక మధ్యాన్నం
జీవో వచ్చింది, రెండు పేజీలు.
రేగిమిట్ట కార్పొరేషన్లో కలిసిపోయిందంట.
అడిగినోళ్లు లేరు, చెప్పినోళ్లు లేరు.
ఆఖరి మీటింగుకు ఇరవై మూడు వడల పొట్లాలు చెప్పింది.
వచ్చింది ఐదుగురు.
మిగిలిన పొట్లాలు పారిశుద్ధ్యమోళ్లకు పంచినాక
మినిట్స్ బుక్కు ముందరికి లాక్కుని
"రాయప్పా" అనింది క్లర్కుతో:

మిట్టవీధికి పదకొండు చుట్లు,
కుమ్మరోళ్ల సందుకు ఏడు,
ఎగువ దళితవాడకు పద్నాలుగు, ముందుగా,
నీళ్లు వదలవలెనని తీర్మానించడమైనది.

"ఇది అజెండాలో లేదు మేడమ్" అన్నాడు కమిషనరు.
"నీళ్లు ఉండాయి కదా" అనింది.
ఐదు చేతులు లేచినాయి.
ఇటికలు రెండూ నా చేతిలో పెట్టి
ఆటో ఎక్కి పాయె.

కార్పొరేటరుగా నిలబడి అరవై ఒక్క ఓటుతో ఓడింది.
ఇప్పుడు రైల్వే గేటు కాడ మళ్లీ మూరలు కొలస్తాది.
కుళాయి పన్ను కట్టను లైనులో నిలబడితే
"పాత డోర్ నంబరా, కొత్తదా?" అన్నాడంట పిల్లోడు.
"రెండూ నేనే ఇచ్చినా నాయినా, ఏదైనా రాసుకో."

వాల్వు కాడికి కాంట్రాక్టోళ్ల కుర్రోడొచ్చినాడు.
ఎన్ని చుట్లన్నా అన్నాడు.
పదకొండు అన్నా.
ఎవురు చెప్పినారన్నాడు.
తీర్మానముంది పో అన్నా.

తిప్పినాడు.
తొమ్మిది కాడ తుప్పు పట్టి బిగుసుకునింది.
ఇద్దరం కలిసి రాడ్డేసి పెరికినా కదల్లేదు.
మిట్టవీధి కొసాకు మూడిండ్లకు
బిందె సగమే నిండతా ఉండాది.
ఆ మూడింట్లో ఒకటి ఆమెది.
ఇంతవరకు అర్జీ ఇయ్యలా.