కిలిందిని రేవులో

పదకొండు నెలలుగా జీతాల్లేని ఓడ.
యజమాని ఏ దేశంలో ఉన్నాడో సముద్రానికీ తెలియదు.
తాళ్ల నిచ్చెన ఎక్కుతుంటే నా మోకాళ్లు
నాకంటే ముందే ప్రార్థన మొదలుపెట్టాయి.

సంచిలో ఇరవై సిమ్ కార్డులు, దగ్గుమందు,
జార్జియన్ భాషలో ఒక మార్కు సువార్త.
దాన్ని మాత్రం ఎవరూ అడగలేదు.

వంటవాడు జురాబ్ తలెత్తకుండానే అన్నాడు:
"దేవుడి మనిషివా? కూర్చో. కత్తి అక్కడుంది."
కూర్చున్నాను.
బస్తా నిండా సగం కుళ్లిన ఉల్లిపాయలు.
నేను పారేసిన దాన్ని మళ్లీ తీసి
మెత్తబడిన పొరలు రెండు ఒలిచి
లోపలి తెల్లని ముక్క నా అరచేతిలో పెట్టాడు,
ఏమీ మాట్లాడకుండా.

కాసేపటికి
కళ్లు తుడుచుకుంటూ కూతురి పేరు చెప్పాడు. నానుకా.
ఉల్లిపాయల మీదికి నెట్టేయగల కన్నీళ్లు
మగవాళ్లకి ఎంత అవసరమో
బైబిలు కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

వాక్యం చదవడం మరిచేపోయాను.
దిగుతుంటే పైనుంచి కేక:
"రేపు బంగాళాదుంపలు!"

లికోని ఫెర్రీలో నిలబడే నివేదిక నింపాను.
'దర్శించిన ఓడలు': ఒకటి.
'విశ్వసించినవారు' అన్న గడి మీద
నా వేలి ఉల్లిరసం అంటి
కాగితం పారదర్శకమైంది.
అలాగే పంపించాను.