తొడుగు

"దయచేసి దీన్ని కదపకండి"
అని కోడు మధ్యలో తమిళంలో ఒక ముక్క రాసి
ఏకాంబరంగారు రిటైరైపోయారు.
ఇరవై రెండేళ్ల ప్రోగ్రాం. ఇంకా నడుస్తోంది.
పోరూరు ల్యాబులో రక్తం గొట్టాలు గిర్రున తిరుగుతాయి,
యంత్రం అంకెలు చెబుతుంది,
సాకెట్ వాటిని ఆసుపత్రి దాకా మోసుకెళ్తుంది,
గుండీలు ఊడిన చొక్కాలా, బార్లా తెరుచుకుని.

కదపను సార్.
మీ చుట్టూ ఒక తొడుగు కుడతాను, అంతే.
మీరు పంపమంటే పంపుతుంది, చదవమంటే చదువుతుంది,
మీరెరిగిన ఆ నాలుగు పిలుపులే, ఆ పేర్లతోనే.

పెరుంగుడిలో మా కిటికీ కింద చిత్తడి నేల.
చెత్తకుప్ప పొగ, ఆ పొగలోనే కొంగలు.
మొదటి రోజు, పనెంతుందో చూద్దామని
తీగకు చెవి ఆనించాను.
తెర మీద ఒక పేరు: లూర్దుమేరి.
నలభై ఆరు. రొమ్ము. ముక్క పరీక్ష.
ఆ తర్వాత ఒక్క మాట.

ఆ మాట ఆమెకింకా తెలియదు.
నాకు తెలిసిపోయింది
ఉదయం పదీ నలభైకి, చేతిలో కాఫీ ఉండగా.
సాయంత్రం బస్సులో
ఆ వయసు ఆడవాళ్ల ముఖాలు చూడలేక
టికెట్టు మీది నెంబరు చదువుతూ కూర్చున్నాను.

చిన్నప్పుడు మాకూ ఉండేదొక తొడుగు.
తెనాలిలో మిద్దె మీద నేనూ హైమా,
ప్రతి అక్షరానికీ ముందు ఒక క తగిలించి:
"కపికన్నికకి కచెకప్పకకు!"
పిన్ని బియ్యం చెరుగుతూ తలైనా ఎత్తేది కాదు.
పద్దెనిమిదేళ్ల తర్వాత, హైమ కూతురి బారసాలలో
నా విస్తరి ముందు వంగి, గరిటె పట్టుకుని,
"కనెకయ్యి కవేకయకనా?" అంది.
అన్నీ విందన్నమాట.
దొంగ జామకాయలూ, ట్యూషన్ మాస్టారి కొడుకూ, అన్నీ.

అప్పట్నుంచీ సొంతంగా అల్లిన గుప్తభాషను నేను నమ్మను.
లెక్కలవాళ్లు ఏళ్ల తరబడి సమ్మెటతో కొట్టి
పగలగొట్టలేక వదిలేసిన తాళాన్నే తెచ్చుకుంటాను.
నా పనల్లా దాన్ని సరిగ్గా బిగించడం.

బిగించడమే కష్టం.
రాయబోతే, ఆగు, ముందు నేను వినాలంటుంది.
వినబోతే, ముందు నన్నో మాట చెప్పనీ అంటుంది.
వంద బైట్లడిగితే ఏడిచ్చి ఊరుకుంటుంది.
తీగ మీద ఏమీ లేదు కదా అని బయటివాడు నిద్రపోతాడు,
లోపల కడుపులో తొంభై మూడు బైట్లు
కళ్లు తెరుచుకుని కూర్చుని ఉంటాయి.
ఈ ఒక్క ముడి దగ్గర మూడు రాత్రులు.
నాలుగో రోజు పొద్దున, దువ్వెనకు చిక్కుకున్న జుట్టు తీస్తుంటే,
ఎక్కడ తప్పో తెలిసింది.

ముందు పరిచయం: ఎవరు నువ్వు?
నిన్నెరిగినవాళ్లు ఎవరు?
ఆ సంతకానికి గడువు తీరలేదు కదా?
సంతకం తేడాగా ఉంటే గట్టిగా కాదనాలి.
ఈసారికి పోనీలే అనే గుణం
నాలో ఉండొచ్చు, తొడుగులో ఉండకూడదు.

శుక్రవారం రాత్రి ఎక్కించాం.
సోమవారం ల్యాబు నుంచి సెల్వరాణి ఫోన్:
"ఏదో మారుస్తామన్నారు, ఎప్పుడు?"
ఇంతకంటే మంచి మెప్పు నాకెవరూ ఇవ్వలేదు.

మళ్లీ తీగకు చెవి ఆనించాను.
వడగళ్ల చప్పుడు.
ఎవరి పేరో, ఎవరి పొటాషియమో.
నేను కుట్టిందే నన్ను గుమ్మం బయట నిలబెట్టింది.
అలాగే ఉండాలి.

ఇక మిగిలింది మూసే పద్ధతి.
ఊరికే ఆగిపోతే అవతలివాడికి తెలియదు
మాట అయిపోయిందో, మధ్యలో ఎవడైనా తీగ కోశాడో.
అందుకే, ఇక చెప్పేదేమీ లేదని
చెప్పి మరీ మూయాలి.

లూర్దుమేరి దగ్గర్నుంచి ఆ కబురు రాలేదు.
ఒక్క మాట దగ్గర తెగి, అక్కడే ఉంది.
సెల్వరాణిని అడుగుదామని నోరు తెరిచి
"భోజనమైందా?" అన్నాను.