ఫ్రీ సైజు

జగదాంబ దగ్గర ఏడు షాపులు తిరిగి వచ్చారట తల్లీకూతుళ్ళు.
ప్రతి షాపులోనూ ఒకటే మాట:
ఇది ఫ్రీ సైజమ్మా, అందరికీ పడుతుంది.
ఆ అందరిలో
ఎఫువా గారు లేరు.

పెట్టె బొంబాయిలో ఆగిపోయింది.
ఒంటి మీది గౌను మూడు రోజుల చెమటకి
భీమిలి ఉప్పుమడిలా తెల్లగా గీతలు కట్టింది.
రేపు పదింటికి యూనివర్సిటీలో కూతురికి పట్టా.

అల్లిపురంలో నా కొట్టు ఎంతని?
రెండు తొక్కుడు మిషన్లు, ఒక ఫ్యాను,
చూరుకి వేలాడే జాకెట్లు.
ఆవిడ గుమ్మంలో నిలబడేసరికి
లోపల వెలుగు తగ్గింది.
ఎర్నాయుడు బాబిన్ చుట్టడం మానీసి నోరు తెరిచాడు.
"ఏట్రా చూస్తావు, కుర్చీ ఎయ్" అన్నాను.
తర్వాత కుర్చీ వంక చూసి
"బల్ల ఎయ్" అన్నాను.

నా టేపు అరవై అంగుళాలు.
ముప్ఫై ఏళ్ళలో చాలలేదన్న మాట లేదు.
ఆ రోజు తుంటి దగ్గర
కొస కొసని అందుకోలేదు.
కొలతలు గట్టిగా అరవడం నాకలవాటు,
ఎర్నాయుడు రాసుకుంటాడు,
బయట నిలబడ్డవాళ్ళూ వింటారు.
ఆ రోజు నా గొంతు అరుగు దిగలేదు.
అరవై దగ్గర వేలితో నొక్కి పట్టి
మిగతాది కళ్ళతో లెక్కపెడుతున్నాను.

ఆవిడ నవ్వి
నా వేలి పక్కన తన వేలు పెట్టి
మిగిలిన జానెడూ తనే కొలుచుకుని
అంకె పైకి చెప్పింది,
రైలు ఎన్ని గంటలు లేటో చెప్పినంత మామూలుగా.
టేపు తిరిగి మెడలో వేసుకున్న తీరు చూసి
నాకు అనుమానమొచ్చింది.
"మీ యమ్మ ఏటి సేస్తాది?"
"టైలరే అక్కా" అంది అరబా,
నాలుగేళ్ళ విశాఖ తెలుగులో.
"తకొరాడిలో. అదీ ఓడల ఊరే."

పూర్ణా మార్కెట్ మూసే వేళకి
ఎర్నాయుడు ఆరు మీటర్లు పట్టుకొచ్చాడు,
పసుపు మీద నీలం నెమలికళ్ళు,
ఎవరూ కొనక మూలపడ్డ తాను.
పన్నా చాల్లేదు.
పక్కలకి అతుకేద్దామన్నాను.
ఆవిడ సుద్ద లాక్కుని ఐమూలగా గీసింది.
చంక కింద పెట్టడానికి
నలుపలకల ముక్క ఒకటి కోసింది.
"ఇదెందుకు?"
"చెయ్యి ఎత్తడానికి అక్కా. రేపు నా పేరు పిలిచినప్పుడు."
ఇన్నేళ్ళలో ఎన్ని వందల జాకెట్లు కుట్టానో,
చెయ్యెత్తడానికని
ఒక్కటీ కుట్టలేదు.

రెండో మిషను మీద ఆవిడే కూర్చుంది.
పదకొండింటికి కరెంటు పోయింది.
మా కాళ్ళు ఆగలేదు.
సెల్‌ఫోను వెలుగు, పోర్టు వైపు నుంచి ఓడ కూత.
ఎవరి భాష వాళ్ళం మాట్లాడుకున్నాం.
దారం తెగినప్పటి తిట్టు మాత్రం
ఇద్దరికీ అర్థమయింది.

పనయ్యాక
ఉన్నట్టుండి టేపు నా నడుముకి చుట్టింది.
వద్దు వద్దన్నాను.
వీధిలో ఆడవాళ్ళందరి కొలతలూ నా పుస్తకంలో ఉన్నాయి,
నావి లేవు.
పాత జాకెట్టు పరిచి కొత్తది కోసుకుంటాను,
ఏడాదికో కుట్టు విప్పుకుంటాను,
అంకె అడగను.
ఆవిడ కూతురి చేత రాయించింది:
నూకరత్నం.
కింద నాలుగు అంకెలు.
ఆ కింద తనే
నలుపలకల ముక్క బొమ్మ గీసింది.

డబ్బులొద్దన్నాను. తిట్టింది.
ఆ తిట్టూ అర్థమయింది, తీసుకున్నాను.

మర్నాడు నేను వెళ్ళలేదు,
దసరా జాకెట్లు పదిహేడు మిగిలున్నాయి.
ఎర్నాయుడు వెళ్ళి చూసొచ్చాడు.
"ఏటయిందిరా?" అంటే
మాట్లాడకుండా
రెండు చేతులూ చూరుకి తగిలేలా ఎత్తాడు.
వేలాడే జాకెట్లు రెండు
కింద పడ్డాయి.