సంతకం పెట్టే ముందు

నీ కొడుకును గూడా చేర్పించాలా వద్దా అంటివే, వసంతక్కా,
ఆ కాగితం అట్లే పెట్టు.
పోపు మాడతా ఉంది, స్టవ్వు ఆపేసి రా, చెప్తా.

ముందు ఖర్చు సంగతి.
యూనిఫారం వాళ్ళే ఇస్తారు, టోపీ ఇస్తారు.
బూట్లు మాత్రం పెద్దవొస్తాయి,
ముందర రోంత దూది కుక్కాల.
శనివారం పొద్దున ఏడుకంతా గ్రౌండులో ఉండాల.
మా మోనిషకు మొదటి వారమే కాళ్ళు బొబ్బలెక్కినాయి,
ఆముదం రాస్తే తగ్గినాయి.
ఇదంతా హెడ్మాస్టరు మీటింగులో చెప్తాడులే.

ఆయన చెప్పనిది ఒకటుంది.
పిల్ల ఇంట్లోనే పోలీసైపోతాది.
వాళ్ళ నాయన లీలామహల్ కాడ
రాంగురూట్లో ఆటో దూరిస్తే
దిగి కొర్లగుంట దాకా నడిచొచ్చేసింది.
వాళ్ళవ్వ మెట్లమీద వక్కాకు ఉమ్మితే అయిదు రూపాయలు ఫైను,
అదీ అవ్వ వక్కాకు సంచిలోంచే.
నవ్వుకో అక్కా,
నవ్వుకునేదంతా ముందే నవ్వుకో.

ఆ వారం ఎస్సైమ్మ వచ్చి క్లాసు చెప్పిందంట.
రాత్రి అందరం కూచోని చింతపండు కొడతా ఉంటిమి,
మండీకి తెల్లారే ఇయ్యాల.
పిల్ల గింజలు ఏరతా ఒప్పజెప్తా ఉంది:
"ఎవుర్నైనా పట్టకపోతే ఎందుకో చెప్పాల.
ఇంట్లోవాళ్ళకు తెలపాల.
ఇరవై నాలుగు గంటల్లోపల
జడ్జి ముందర నిలబెట్టాల.
దారిలో పట్టే టైము లెక్కలోకి రాదు నాయనా,
బోర్డు మీద నేనే రాసినా."

ఆయన చేతిలో రాయి ఆగిపోయింది.

నీకు తెలీదు. ఎవురికీ చెప్పలేదు మేం.
మోనిష కడుపులో అయిదో నెల.
అప్పట్లో ఆయన లారీ తోలేవాడు.
కలకడ నుంచి టమోటాలు ఎత్తుకొని వస్తా ఉంటే
భాకరాపేట ఘాట్లో నిలిపినారు,
అడుగున ఎర్రచందనం దుంగలున్నాయని.
బుట్టలన్నీ కుమ్మరించి చూసినారు.
దుంగ లేదు.
అయినా ఆయన్ను తోడకపోయినారు.
నేను రుయా ఆస్పత్రిలో
వార్డు వార్డూ తిరిగి మొహాలు చూసినా.
నాలుగోనాడు పొద్దున పొమ్మన్నారంట.
కాగితం లేదు, కేసు లేదు, మాట లేదు.
లారీ కింద టమోటా నీళ్ళు కారి
రోడ్డంతా ఎర్రగా ఈగలు.
ఇప్పటికీ మా ఇంట్లో టమోటా పచ్చడి నూరను.
కిడ్నీలో రాళ్ళని పిల్లకు అబద్ధం చెప్పి పెట్టుండాం.

ఆ రాత్రి ఆయన తలెత్తకుండా అడిగినాడు:
"మూడు రాత్రులు, మూడు పగళ్ళంటే ఎన్ని గంటలు పాపా?"
"డెబ్బై రెండు. ఎందుకు నాయనా?"
"ఊరికే. లెక్కలొస్తాయో లేదో అని."

దీపం ఆర్పినాక చానాసేపటికి,
నేను నిద్రపోయినాననుకున్నాడేమో,
"అయితే తప్పు నాది కాదు" అన్నాడు.
పదిహేనేండ్లు అక్కా.
ఆ మాట ఆయనకు చెప్పనీకి
ఎనిమిదో తరగతి పిల్ల రావాల్సొచ్చింది.

మారిపోయినాడని చెప్పను.
పరేడు చూడను రమ్మంటే గేటు బయటే నిలబడినాడు,
జీపు పక్కనుంచి పోతే
చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది.
అదే ఎస్సైమ్మకు మా పిల్ల సెల్యూట్ కొడితే
చెయ్యి అడ్డం పెట్టుకొని,
ఎండకో మరి దేనికో.

పిల్ల ఎస్సై అవుతానంటాది.
నాకు భయం.
ఏ పక్కనుంచి వస్తాదో తెలీని భయం.
దానికి ఆ మూడు రాత్రుల సంగతి చెప్పాలా?
అడిగేదానికి నాకెవురూ మీటింగు పెట్టలేదు.

నీ ఇంట్లో ఎన్ని గంటల లెక్కలు మూతబెట్టుండాయో
నీకే తెలియాల.
పెన్ను ఇదిగో.
బూట్ల సైజు ఒకటి తగ్గించి రాయి.