పాత వాన

పూలు లెక్కపెట్టడానికి మనిషిని పెడతారా అని
బ్లఫ్ ఊరి పెట్రోల్ బంకులో కుర్రాడు నవ్వాడు.
పెడతారు. రోజుకి ఎనభై డాలర్లు, మధ్యాహ్నం తిండి మనదే.

శాన్ హువాన్ నదికి ఉత్తరాన ఓ ఇరుకు లోయ.
ఏ లోయో చెప్పను.
కాగితంలో 'స్థలం' అన్న గడి ఎదురుగా
థోరా నీల్సన్ కూడా "నీడలో" అని మాత్రమే రాస్తుంది.
ఎర్రరాతి గోడ నడుమ, రాయి చెమర్చిన చోట
నాచు, ఫెర్న్ ఆకులు,
వాటి మధ్య తల పక్కకి వాల్చి ఈ పువ్వు:
గోరంత, వంగపూవు రంగు, లోపల పసుపు కన్ను.
ఆకు తిరగేస్తే వెనకంతా పిండి అంటినట్టు తెలుపు.
రొట్టెలు చేస్తూ మధ్యలో వచ్చి తలుపు తీసే
మా అమ్మమ్మ చెయ్యి.

ఇరవై మూడేళ్ళు నిచ్చెన తనే ఎక్కింది థోరా.
ఈసారి మోకాళ్ళు ఒప్పుకోలేదు.
కింద మడతకుర్చీలో తను, గుప్పిట్లో లెక్క మీట.
పైన నేను, నకాయ్ వాళ్ళ డారెల్‌ని,
గొర్రెల్ని తప్ప దేన్నీ లెక్కపెట్టి ఎరగనివాణ్ణి.

"ఒకటి." టిక్.
"రెండు... ఆగు, మొగ్గ."
"మొగ్గలు లెక్కలోకి రావు."
"విచ్చుకుంటోంది."
కాసేపు ఆలోచించింది. టిక్.

ఈ నీళ్ళు నిన్నటివి కావంటుంది.
పైన మెట్ట మీద ఎప్పుడో కురిసి
ఇసుక రవ్వకీ రవ్వకీ మధ్య దారి అడుక్కుంటూ
మన పేర్లు పుట్టకముందే బయల్దేరిన వాన
ఇవాళ పదీ నలభైకి ఈ వేరు దగ్గరికి చేరింది.

మెట్ట మీద కిందటేడు హోటలు కట్టారు.
బోరు వేశారు. ఈతకొలను కూడా.

"మొదట్లో" అంది థోరా,
"చుక్కకీ చుక్కకీ మధ్య నా పేరు అనుకునేదాన్ని.
థోరా అనేలోపే పడేది.
ఇప్పుడు ఇంటిపేరు కలిపి అన్నా ఇంకా ఖాళీ మిగులుతోంది."
కోపంగా కాదు. రెండు టిక్కుల మధ్య, అలా.

ముప్పై ఆరు.
పోయిన మార్చిలో యాభై రెండు.
"ఇంకేం లేవా?"

ఉంది.
చెయ్యి మణికట్టు దాకా దూరే నెర్రెలో
ఒక్కటే, వెలుతురు వైపు మొహం తిప్పి.
మంద లెక్కేసేటప్పుడు మా అమ్మమ్మ
ఆఖరి పిల్లని పైకి అనదు,
కళ్ళతో ఒకసారి తడిమి ఊరుకుంటుంది.
లెక్క మూస్తే మంద మూసుకుపోతుందట.

"లేవు" అన్నాను.
థోరా మీట వైపు చూడలేదు, నా వైపు చూసింది.

దిగకుండా అక్కడే నిలబడి
నా పేరు అనుకున్నాను. ఇంటిపేరు.
పడలేదు.
మావాళ్ళు పరిచయం చెప్పుకునే వరుసలో
అమ్మ వంశం, నాన్న వంశం,
అమ్మ వైపు తాత వంశం అంటుండగా

మెడ మీద పడింది,
చల్లగా,
ఎప్పటి వానో.